రుచి కావాలి, అమ్మే మనిషి వద్దా?

కొత్త ఊరు చూసొచ్చిన వాళ్ళు చెప్పే కబుర్లలో సగం తిండి గురించే ఉంటాయి. ఏం తిన్నారు, ఎంత కారంగా ఉంది, ఏది నోట్లో పెట్టుకోలేకపోయారు, ఎంతకి కొన్నారు - అన్నీ చెబుతారు. వండిన మనిషి ఎవరు, ఆమె రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరుతుంది, ఆమె నిలబడిన ఆ నాలుగడుగుల చోటు మీద ఆమెకు ఏపాటి హక్కు ఉంది అన్న సంగతులు మాత్రం ఆ కబుర్లలో రావు. సభలకీ శిక్షణా శిబిరాలకీ పరాయి దేశాలు వెళ్ళొచ్చే అవకాశం మన సంస్థల్లో పనిచేసే స్త్రీలకు కూడా ఇప్పుడు అప్పుడప్పుడు వస్తోంది. హక్కుల గురించి మాట్లాడి వచ్చే మనం కూడా తిండి దగ్గరికి వచ్చేసరికి అందరిలాగే మాట్లాడితే ఎలా? హాంకాంగ్ వీధుల్లో తిన్న తిండి గురించి ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

హాంకాంగ్ కాంటనీస్ మాట్లాడే నగరం. 1841లో బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయింది. 1997 జూలై 1 నుంచి చైనాలో ప్రత్యేక పరిపాలనా ప్రాంతంగా ఉంది. కౌలూన్ వైపు మాంగ్ కాక్, షామ్ షుయ్ పో, టెంపుల్ స్ట్రీట్ వంటి చోట్ల సాయంత్రం నడిస్తే ఆకలి లేనివాళ్ళకీ ఆకలి పుడుతుంది. టెంపుల్ స్ట్రీట్‌కి ఆ పేరు అక్కడి తిన్ హౌ గుడి వల్ల వచ్చింది. తిన్ హౌ అంటే సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళను కాపాడే అమ్మవారు. మన గంగమ్మ తల్లి గుర్తుకొస్తుంది.

అక్కడ అందరూ తినేది చేప ఉండలు. చేప కండను మెత్తగా నూరి, పిండి కలిపి, ఉండలు చేసి వేయించి, పచ్చటి కూర పులుసులో మరిగించి వెదురు పుల్లకు గుచ్చి ఇస్తారు. ఆ పులుసు వాసన మనకు కొత్తేమీ కాదు. మన దక్షిణాది 'కరి' బ్రిటిష్ వాళ్ళ మసాలా పొడి డబ్బాల్లోకి ఎక్కి, వలస దేశాలన్నీ తిరిగి, ఇక్కడ చేప ఉండల్లో తేలింది. చ్యుంగ్ ఫన్ అని మరొకటి ఉంది. బియ్యప్పిండిని పల్చగా ఆవిరి మీద ఉడికించి, చాప చుట్టినట్టు చుట్టి, కత్తెరతో ముక్కలు చేసి, సోయా రసం, నువ్వుల ముద్ద, తియ్యటి చట్నీ పోసి పైన వేయించిన నువ్వులు చల్లుతారు. చిన్న గిన్నెల్లో ఆవిరి మీద ఉడికించిన పుట్ చై కో చూస్తే మన కుడుములు గుర్తొస్తాయి. ఎర్ర గింజలు వేసి, తీపి కలిపి, గిన్నెలోంచి పుల్లతో తీసి చేతికిస్తారు. గై దాన్ జాయ్ అంటే చిన్న కోడిగుడ్లు అని అర్థం. గుంతపొంగణాల పెనాలు రెండింటిని ఎదురెదురుగా మూసినట్టుండే ఇనప అచ్చులో కోడిగుడ్లు కలిపిన పిండి పోసి కాలుస్తారు. పులిసిన ఉప్పునీళ్ళలో ఊరవేసి వేయించే టోఫు ఒకటుంది. దాని వాసన వీధి చివర్నుంచే వస్తుంది. మన ఎండుచేపల కూర పక్కింటి వాళ్ళకి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు దాన్ని చూసి ముక్కు మూసుకోనక్కర్లేదు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వున్ జాయ్ చీ అనే సూప్. పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళలో, విందుల్లో సొరచేప రెక్కల సూప్ వడ్డించడం అక్కడ గొప్పతనానికి గుర్తు. ఆ రెక్క కొనే స్తోమత లేని వాళ్ళ కోసం వీధిలో పెసర సేమ్యా, పుట్టగొడుగులు, కోడిగుడ్డు వేసి, చిక్కగా కాచి, అదే పేరు పెట్టి చిన్న గిన్నెలో పోసి అమ్మారు. పేదవాళ్ళు తమకు దొరకని దాన్ని తమకు దొరికే వాటితో చేసుకుని తిన్నారు. ఇప్పుడు రెక్కల సూప్ కన్నా దీన్నే ఊరి రుచి అని చెప్పుకుంటున్నారు.

ఇంతవరకూ రుచి సంగతి. అసలు సంగతి ఏమిటంటే, ఈ రోజు పర్యాటకులు వీధి తిండి అనుకుని తినేదాంట్లో ఎక్కువ భాగం వీధిలో అమ్మేది కాదు. వీధి వైపు తెరుచుకున్న చిన్న దుకాణాల్లో, వేల డాలర్ల అద్దె కట్టి అమ్మేది. కొనేవాళ్ళు వీధిలో నిలబడి తింటారు. అమ్మేవాళ్ళకు మాత్రం వీధిలో నిలబడే హక్కు దాదాపు లేకుండా పోయింది. ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చైనా నుంచి లక్షల మంది కట్టుబట్టలతో హాంకాంగ్ చేరారు. పని దొరకని వాళ్ళు తట్ట నెత్తిన పెట్టుకునో, కావడి భుజాన వేసుకునో, బండి తోసుకుంటూనో వీధుల్లో పడ్డారు. 1960లు, 70లలో బట్టల ఫ్యాక్టరీలు, ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలు, విగ్గుల ఫ్యాక్టరీలు నడిచాయి. వాటిలో పనిచేసిన వాళ్ళలో చాలామంది చిన్నవయసు ఆడపిల్లలు. ఇరుకు గదుల్లో బతికే వాళ్ళకు వంటగది ఎక్కడిది? ఉంటే మాత్రం పన్నెండేసి గంటల పని తర్వాత పొయ్యి ముందు నిలబడే ఓపిక ఎక్కడిది? వాళ్ళ కడుపు నింపింది వీధి బళ్ళే. ఎగుమతులతో హాంకాంగ్ సంపన్నమైందని ఆర్థికవేత్తలు రాస్తారు. ఆ ఎగుమతులు తయారుచేసిన ఆడపిల్లలకు అతి తక్కువ ధరకు అన్నం పెట్టిన వాళ్ళ శ్రమ ఏ లెక్కలోనూ కనబడదు. 1980లలో ఫ్యాక్టరీలు సరిహద్దు దాటి చైనాలోకి వెళ్ళిపోయాయి. నడివయసు స్త్రీల పనులు వాటితో పాటే పోయాయి.

ఈలోగా ప్రభుత్వం ఏం చేసింది? 1970ల మొదట్లోనే కొత్త హాకర్ లైసెన్సులు ఇవ్వడం మామూలుగా ఆపేసింది. ఉన్నవాళ్ళను బలవంతంగా తరిమితే గొడవ అవుతుంది కనుక, వాళ్ళు ముసలివాళ్ళై పోయేదాకా ఆగితే చాలునన్న పద్ధతి పట్టింది. దాయ్ పాయ్ దాంగ్ అని పిలిచే వీధి హోటళ్ళ లైసెన్సు, యజమాని పోతే భార్యకో భర్తకో తప్ప పిల్లలకు రాదన్నారు. కుటుంబమంతా కలిసి చాకిరీ చేసే బండి మీద లైసెన్సు ఒక్కరి పేరనే ఉంటుంది. తల్లి పక్కన నిలబడి పాతికేళ్ళు గిన్నెలు కడిగి, కూరలు తరిగి, వంట నేర్చిన కూతురికి తల్లి పోయిన మర్నాడు ఆ చోటు మీద ఏ హక్కూ ఉండదు. 1983 నుంచి డబ్బిచ్చి లైసెన్సులు వెనక్కి తీసుకోవడం కూడా మొదలైంది. 2005లో సెంట్రల్ ప్రాంతంలో పేరున్న ఒక నూడుల్స్ కొట్టు లైసెన్సుదారు మరణంతో మూతపడినప్పుడు నగరం గగ్గోలు పెట్టింది. ఆ తర్వాత నియమాన్ని కొంత సడలించారు. అప్పటికే ఆ హోటళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

లైసెన్సు లేనివాళ్ళ సంగతి మరీ ఘోరం. కాంటనీస్‌లో "జౌ గ్వై" అని ఒక మాట ఉంది. "దయ్యం వస్తోంది, పరుగెత్తండి" అని దాని భావం. హాకర్లను పట్టుకునే సిబ్బంది కనబడగానే మొదటి బండి దగ్గర్నుంచి చివరి బండి దాకా ఈ కేక వినబడుతుంది. తెల్లవాళ్ళను దయ్యాలని పిలిచే రోజుల్లో, తెల్ల అధికారుల కాలంలో పుట్టిన మాట అంటారు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, కేక మిగిలింది. మరిగే నూనె మూకుడు, మండే పొయ్యి ఉన్న బండిని తోసుకుంటూ పరుగెత్తడం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. అందులో అరవై, డెబ్భై ఏళ్ళ స్త్రీలు కూడా ఉంటారు.

ఆ వయసులో ఆమె వీధిలో ఎందుకుంది? సంపన్న నగరంలో ముసలివాళ్ళకు పింఛను ఉండదా? ఉద్యోగులకు తప్పనిసరి భవిష్య నిధి అక్కడ 2000 డిసెంబరులో మొదలైంది. అది జీతంలోంచి కోసి దాచేది. జీవితమంతా ఇంట్లో వండి, పిల్లల్ని పెంచి, అత్తమామల్ని చూసుకున్న స్త్రీకి జీతమే లేదు కనుక నిధి కూడా లేదు. డెబ్భై దాటిన వాళ్ళకు ఆస్తి లెక్కలు అడక్కుండా ఇచ్చే భృతి ఒకటుంది. జనం దాన్ని "పళ్ళ డబ్బులు" అంటారు. పళ్ళు కొనుక్కోవడానికే సరిపోతుందని వెక్కిరింత. ఈ మధ్య సంవత్సరాల్లో అది నెలకు 1,600 హాంకాంగ్ డాలర్ల పైచిలుకు. ఆస్తులు లెక్కచూసి, నిజంగా బీదవాళ్ళని తేలితే ఇచ్చేది అంతకన్నా ఎక్కువ. ప్రపంచంలో అతి ఖరీదైన ఇళ్ళున్న నగరాల్లో ఒకటైన చోట ఈ డబ్బుతో ఎలా బతకాలో చెప్పేవాళ్ళు లేరు. ఇంటి చాకిరీకి విలువ కట్టకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఆ వీధుల్లో అట్టపెట్టెలు ఏరుకునే ముసలమ్మలను చూడాలి.

2017 జూన్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. సెంట్రల్‌లో అట్టలు ఏరుకుని బతికే 75 ఏళ్ళ స్త్రీ ఒక అట్టముక్కను ఒక్క డాలరుకు ఒక ఫిలిప్పీన్స్ స్త్రీకి అమ్మింది. లైసెన్సు లేకుండా వీధి వ్యాపారం చేసిందని ఆమె మీద కేసు పెట్టి తోపుడు బండి పట్టుకుపోయారు. జనం మండిపడ్డారు, వేలమంది సంతకాలు చేశారు, చివరికి కేసు ఎత్తేశారు. అమ్మిన స్త్రీ గురించి పత్రికలు రాశాయి. కొన్న స్త్రీ గురించి కూడా మనం అడగాలి. ఆమెకు అట్టముక్క ఎందుకు?

ఆమె ఇళ్ళల్లో పనిచేసే వలస కార్మికురాలు. హాంకాంగ్‌లో అలాంటివాళ్ళు 3 లక్షలకు పైగా ఉన్నారు. ఎక్కువమంది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా స్త్రీలు. 2003 నుంచి వాళ్ళు యజమాని ఇంట్లోనే ఉండాలని కచ్చితమైన నియమం. ఒప్పందం ముగిస్తే రెండు వారాల్లో దేశం విడిచిపోవాలన్న నియమం 1987 నుంచీ ఉంది. వారానికి ఒక్క రోజు సెలవు, అది చాలామందికి ఆదివారం. ఆ రోజు వెళ్ళి కూర్చోవడానికి వాళ్ళకంటూ ఒక గది లేదు. అందుకని సెంట్రల్‌లో బ్యాంకుల కింద, కాలిబాటల మీద, వాహనాలు ఆపేసిన రోడ్డు మీద అట్టలు పరుచుకుని కూర్చుంటారు. ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం, కూర, నూడుల్స్ పంచుకుంటారు. వారమంతా యజమానుల రుచికి వండిన చేతులు ఆ ఒక్క పూట తమ రుచికి తింటాయి. వాళ్ళల్లో ఎవరైనా నాలుగు పొట్లాలు ఎక్కువ కట్టి తెచ్చి తోటివాళ్ళకు అమ్మితే అది రెండు నేరాలు. లైసెన్సు లేని వ్యాపారం ఒకటి, యజమాని పని తప్ప వేరే పని చేయరాదన్న వీసా షరతును మీరడం ఇంకొకటి. 2014లో ఎర్వియానా సులిస్త్యానింగ్‌సి అనే ఇండోనేషియా యువతిని యజమానురాలు పెట్టిన హింస బయటపడింది. 2015లో ఆ యజమానురాలికి ఆరేళ్ళ శిక్ష పడింది. ఇంటి లోపలి వంటగదిలో ఆడమనిషికి ఏం జరుగుతుందో చూడడానికి ఒక కేసు కావలసివచ్చింది. వీధిలో ఆమె అట్ట కొంటే చూడడానికి మాత్రం ఆదివారం కూడా అధికారులు సిద్ధంగా ఉన్నారు. కువైట్‌కూ దుబాయ్‌కూ ఇంటిపనికి వెళ్ళిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళతో మాట్లాడిన మన కార్యకర్తలకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు.

రెండు విషయాలు ఒకదాని పక్కన ఒకటి జరిగాయి. మిషెలిన్ గైడు తన 2016 హాంకాంగ్ ప్రతిలో మొదటిసారి వీధి తిండికి ఒక భాగం కేటాయించింది. దొరల దేశపు పుస్తకం మన తిండిని గుర్తించిందని ఊరు మురిసిపోయింది. అదే ఏడాది ఫిబ్రవరి 8 రాత్రి, చాంద్రమాన సంవత్సరాది నాడు, మాంగ్ కాక్‌లో లైసెన్సు లేని చేప ఉండల బళ్ళను తీయించబోతే అల్లర్లు చెలరేగాయి. పండగ రోజుల్లో దుకాణాలు మూసి ఉంటాయి కనుక హాకర్లను చూసీ చూడనట్టు వదిలేయడం అప్పటిదాకా ఆనవాయితీ. తెల్లవారేసరికి వంద మందికి పైగా గాయపడ్డారు. పోలీసులు గాలిలోకి రెండుసార్లు కాల్చారు. తర్వాత యువకులకు ఏళ్ళ తరబడి జైలుశిక్షలు పడ్డాయి. దాని వెనక చేప ఉండలకు మించిన రాజకీయాలు ఉన్నాయి, కాదనను. రాళ్ళు రువ్వడాన్ని సమర్థించను. కానీ ఆ గొడవలో నాయకుల పేర్లు, పార్టీల పేర్లు, శిక్షల వివరాలు అందరికీ తెలిశాయి. బండి పెట్టుకున్న వాళ్ళకు ఆ మర్నాడు ఎక్కడ చోటు దొరికిందన్న ప్రశ్న ఎవరి ఎజెండాలోనూ నిలవలేదు. పాల టీ చేసే పద్ధతిని 2014లో అక్కడి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. విద్యకు వారసత్వం ఉందన్నమాట. ఆ విద్యతో బతికే మనిషి నిలబడే చోటుకు మాత్రం లేదు.

శుభ్రత సంగతేమిటి, అగ్నిప్రమాదాల సంగతేమిటి అని అడిగేవాళ్ళున్నారు. అడగవలసిన ప్రశ్నే. 2011 నవంబరులో ఫా యుయెన్ స్ట్రీట్‌లో వీధి బడ్డీల దగ్గర మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత 2013లో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. నిప్పంటుకోని సామగ్రితో బడ్డీలు కట్టుకోవడానికి సాయం చేసింది. లైసెన్సు వదులుకుంటే 1,20,000 డాలర్లు ఇస్తామంది. మొదటిది సమస్యకు పరిష్కారం. రెండోది మనిషిని తొలగించడం. నీళ్ళ కొళాయి, మురుగు కాలువ, చెత్తబుట్ట, దీపం, మరుగుదొడ్డి ఇస్తే వీధి తిండి శుభ్రంగానే ఉంటుంది. అవేవీ ఇవ్వకుండా మురికిగా ఉందని తరమడం, చదువు చెప్పకుండా చదువురాని దానివని తిట్టడం లాంటిదే. ఆడవాళ్ళు అమ్మేచోట మరుగుదొడ్డి గురించి అక్కడా ఇక్కడా మొదట అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. రోజంతా నీళ్ళు తాగకుండా అమ్ముకునే స్త్రీ ఆరోగ్యం శుభ్రత కిందికి రాదు కాబోలు.

ఇంకో మాట. మాంగ్ కాక్‌లో రాత్రి పదకొండు గంటలకు ఒంటరిగా నిలబడి చేప ఉండలు తింటున్న ఆడపిల్లలను చూశాను. ఎవరూ వాళ్ళవంక వింతగా చూడలేదు. రోడ్డు మీద నిలబడి తినే ఆడదాన్ని మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఏమంటారో మనకు తెలుసు. మిరపకాయ బజ్జీల బండి దగ్గర మగవాళ్ళు గుంపుగా నిలబడతారు, ఆడవాళ్ళు పొట్లం కట్టించుకుని ఇంటికి పోతారు. వీధిలో తినడం కూడా ఒక స్వేచ్ఛే. ఆ స్వేచ్ఛకు కాపలా ఉండేది పోలీసు జీపు కన్నా ఎక్కువగా దీపం వెలుగుతున్న బండి, బండి వెనక నిలబడి వచ్చేపోయేవాళ్ళను గమనించే ఆడమనిషి. ఆమెను తరిమేసిన వీధి శుభ్రంగా ఉండొచ్చు. రాత్రిపూట ఆ వీధిలో నడిచే అమ్మాయికి అది భయం వేసే వీధి.

ఇదంతా పరాయి ఊరి గొడవ అనుకోవద్దు. వీధి వ్యాపారం రాజ్యాంగమిచ్చిన హక్కు కిందికి వస్తుందని మన సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. ఇలా భట్ 1972లో పెట్టిన 'సేవ' మొదలుకుని ఎన్నో సంఘాలు పోరాడితే 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. హాంకాంగ్ స్త్రీలకు లేనివి కొన్ని ఆ చట్టంలో ఉన్నాయి. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పాడైపోయే సరుకు పట్టుకుంటే అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. ధ్రువపత్రం ఉన్న మనిషి చనిపోయినా, జబ్బుపడినా గడువు ముగిసేదాకా భార్యో భర్తో లేదా ఆధారపడిన బిడ్డో ఆ చోట అమ్ముకోవచ్చు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్ళల్లో మూడో వంతు స్త్రీలుండాలి.

కాగితం మీద ఇంత ఉంది. 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్ ప్రాంతంలో రోడ్డు పక్క భోజనాలు అమ్మే ఒకామె బండిని ట్రాఫిక్ పేరుతో తీయించబోతే, సామాజిక మాధ్యమాల్లో ఆమెకున్న పేరు వల్ల విషయం ముఖ్యమంత్రి దాకా వెళ్ళి, ఆమెను అక్కడే అమ్ముకోనిచ్చారు. ఆమెకు న్యాయం జరిగినందుకు సంతోషమే. కానీ చట్టం చేయాల్సిన పని ముఖ్యమంత్రి దయ చేయాల్సి వచ్చిందంటే, ఎవరూ వీడియో తీయని ఇడ్లీ బండి అక్క ఎవరికి చెప్పుకోవాలి?

అందుచేత, పరాయి ఊరు వెళ్ళినప్పుడు వీధిలో తినండి, తప్పకుండా తినండి. అద్దాల హోటల్లో తినే డబ్బు బండి దగ్గర ఖర్చుపెట్టండి. అడిగినంత ఇవ్వండి, ముసలమ్మ దగ్గర బేరం ఆడొద్దు. కాంటనీస్‌లో "మ్ గోయ్" అంటే చేసిన పనికి కృతజ్ఞత అని. ఆ ఒక్కమాట నేర్చుకుని వెళ్ళండి. తిరిగొచ్చాక మీ పట్టణంలో వెండింగ్ కమిటీ ఉందా, అందులో స్త్రీలు ఎవరు, వాళ్ళు నిజంగా బండి నడిపే వాళ్ళేనా, సమావేశాలకు వాళ్ళను పిలుస్తున్నారా అని మున్సిపల్ ఆఫీసులో అడగండి. రాతపూర్వకంగా జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబును, రాని జవాబును కూడా ఈ పత్రికకు రాసి పంపండి.